భుజాలు తడుముకున్న చట్టం

కెనడాలోని అంటారియో ప్రావిన్స్ శాసనసభ 2024 నవంబరులో ఆమోదించిన బిల్లు 212లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టినది సైకిల్ లేన్లను తొలగించమన్న ఆదేశం కాదు, దాని పక్కనే చేరిన మరో నిబంధన. టొరంటో నగరంలో బ్లూర్, యంగ్, యూనివర్సిటీ అనే మూడు ప్రధాన వీధుల మీది సైకిల్ లేన్లను తీసేసిన తరువాత ఆ కారణంగా ఎవరైనా గాయపడినా, ప్రాణాలు కోల్పోయినా, నష్టపరిహారం కోసం ప్రభుత్వం మీద దావా వేయడానికి వీల్లేదని ఆ నిబంధన చెబుతుంది. అక్టోబరు 21న సభ ముందుకు వచ్చిన బిల్లులో ఈ మాట లేదు. కమిటీ దశలో సవరణగా వచ్చి చేరింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ పని వల్ల మనుషులకు ప్రమాదమని ఇంకా ఎవరూ రుజువు చేయకముందే ప్రభుత్వం తనకు తానే ముందస్తు రక్షణ రాసుకుంది. ప్రమాదమేమీ లేదని నిజంగా నమ్మే ప్రభుత్వానికి అటువంటి రక్షణ ఎందుకు కావలసి వచ్చిందన్నది నా ప్రశ్న, ఈ వ్యాసమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నేను టొరంటోలో ఉంటాను. నాకు కారు ఉంది, చలికాలంలో అదే నా ప్రధాన వాహనం. మంచు కరిగాక ఆఫీసుకు వీలైనన్ని రోజులు సైకిల్ మీద వెళతాను. కాబట్టి ఈ గొడవను కార్లవాళ్ళకూ సైకిళ్ళవాళ్ళకూ మధ్య కుస్తీగా చూపించే వార్తలు చదివినప్పుడల్లా, నేను సోమవారం ఏ జట్టులో ఉన్నానో, మంగళవారం ఏ జట్టులో ఉన్నానో నాకే అర్థం కాదు.

ముందు చట్టం ఏం చెప్పిందో చూద్దాం. దానికి పెట్టిన పేరులోనే రద్దీ తగ్గిస్తామని, మీ సమయం ఆదా చేస్తామని వాగ్దానం ఉంది. ఏ నగరమైనా, ఏ పట్టణమైనా కార్లు నడిచే వరుస ఒకటి తగ్గించి సైకిల్ లేన్ వేయదలచుకుంటే ఇకపై ప్రావిన్స్ రవాణా శాఖ అనుమతి తీసుకోవాలంది. ఇప్పటికే ఉన్నవాటిలో పై మూడు వీధుల మీద, మొత్తం 19 కిలోమీటర్ల మేర, లేన్లను తొలగించే అధికారం ప్రావిన్స్ తన చేతిలోకి తీసుకుంది. నిజానికి ఆ బిల్లులో హైవే 413 అనే కొత్త రహదారి నిర్మాణాన్ని పర్యావరణ పరిశీలన నుంచి తప్పించి వేగిరపరిచే భాగం ఇంకా పెద్దది. కానీ సైకిళ్ళ రచ్చలో దాని మీద జరగవలసినంత చర్చ జరగలేదు. అది కాకతాళీయమని నేను అనుకోను.

ఆ లేన్లు ఒక్క రాత్రిలో పుట్టినవి కావు. బ్లూర్ వీధి మీద షా వీధి నుంచి అవెన్యూ రోడ్డు వరకు 2016లో ప్రయోగాత్మకంగా వేశారు. ఏడాదిపాటు వాహనాలను లెక్కించారు, కెమెరాలు పెట్టి ఎవరు ఎవరికి అడ్డొస్తున్నారో చూశారు, దుకాణాల ముందు నిలబడి కొనుగోలుదారులను అడిగారు. సైకిళ్ళ రాకపోకలు 49 శాతం పెరిగాయని తేలింది. సాయంత్రం రద్దీ వేళలో కార్ల ప్రయాణం సుమారు 4 నిమిషాలు పెరిగిందని కూడా తేలింది, దాన్ని నగరం దాచిపెట్టలేదు. కొరియా టౌన్, ఆనెక్స్ ప్రాంతాల దుకాణదారులు మొదట్లో పార్కింగ్ పోతే బేరాలు పడిపోతాయని భయపడినవారే. కానీ వారి వ్యాపార సంఘాల భాగస్వామ్యంతో జరిగిన అధ్యయనంలో వచ్చే కొనుగోలుదారులూ, వారు పెట్టే ఖర్చూ పెరిగాయని కనబడింది. ఈ లెక్కలన్నీ ముందు పెట్టుకుని సిటీ కౌన్సిల్ 2017లో లేన్లను శాశ్వతం చేసింది. కరోనా కాలంలో, 2020లో, ఆసుపత్రుల వరుస ఉన్న యూనివర్సిటీ అవెన్యూ మీద కూడా లేన్లు వచ్చాయి. మరుసటి ఏడాది యంగ్ వీధి మీద ప్రయోగం మొదలై 2023లో శాశ్వతమైంది. ఇంచుమించు దశాబ్దం పాటు సమావేశాల్లో అరుచుకుని, లెక్కలు వేసుకుని, మార్చుకుని నగరం చేసుకున్న ఏర్పాటును ఐదు వారాల్లో ఒక చట్టం పక్కకు నెట్టింది.

ఇటువంటి తొలగింపు టొరంటోకు కొత్త కాదు. జార్విస్ వీధి మీద 2010లో వేసిన లేన్లను, రాబ్ ఫోర్డ్ మేయరుగా ఉన్నప్పుడు, 2012లో చెరిపేశారు. చెరిపే యంత్రానికి అడ్డంగా కొందరు రోడ్డు మీద పడుకున్నారు కూడా. ఆయన అన్న డగ్ ఫోర్డ్ అప్పట్లో అదే కౌన్సిల్లో సభ్యుడు, ఇప్పుడు ప్రావిన్స్ ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి వంటి పదవి. అయితే ఒక తేడా ఉంది. జార్విస్ లేన్లను తీసేసింది నగరం ఎన్నుకున్న కౌన్సిల్. ఆ నిర్ణయం నాకు నచ్చకపోయినా అది తీసుకోవలసిన చోటే తీసుకున్న నిర్ణయం.

ఇక్కడ ప్రభుత్వ పక్షాన ఉన్న బలమైన వాదనను తప్పించుకోకూడదు. కెనడా రాజ్యాంగం ప్రకారం నగరాలు ప్రావిన్సుల సృష్టి మాత్రమే. 2018లో నగర ఎన్నికల ప్రచారం నడుస్తుండగానే ఇదే ప్రీమియర్ టొరంటో కౌన్సిల్ స్థానాలను 47 నుంచి 25కు తగ్గిస్తే, సుప్రీంకోర్టు 2021లో 5-4 మెజారిటీతో దాన్ని సమర్థించింది. కాబట్టి వీధుల మీద ప్రావిన్సుకు అధికారం లేదనడం కుదరదు. పైగా బిల్లు చట్టమైన మూడు నెలలకే, 2025 ఫిబ్రవరిలో, ఎన్నికలు జరిగి ఆయన పార్టీ వరుసగా మూడోసారి మెజారిటీ గెలిచింది. జనం ఒప్పుకున్నారు కదా అని ఎవరైనా అంటే, ఒప్పుకున్నారనే చెప్పాలి. కానీ ఓటు వేసిన జనం ప్రభుత్వానికి అధికారం ఇస్తారే తప్ప వాస్తవాలను మార్చే శక్తి ఇవ్వరు. లేన్లు తీసేస్తే రద్దీ తగ్గుతుందా లేదా అన్నది ఓట్లతో తేలే విషయం కాదు.

ఎటోబికో ప్రాంతవాసుల కోపాన్ని కూడా నేను తేలిగ్గా తీసుకోను. బ్లూర్ లేన్లను 2023లో పడమరగా అక్కడిదాకా పొడిగించినప్పుడు నిజమైన ఇబ్బంది వచ్చింది. అక్కడ ఇళ్ళు దూరదూరంగా ఉంటాయి, కారు లేకుండా పాలు తెచ్చుకోవడం కూడా కష్టమయ్యే వీధులున్నాయి. వ్యాను నిండా పైపులు వేసుకుని రోజుకు నాలుగిళ్ళు తిరిగే ప్లంబరుకు సైకిల్ తొక్కమని చెప్పడం ఎగతాళి చేసినట్టే అవుతుంది. జనవరిలో ఖాళీగా కనిపించే సైకిల్ లేన్ పక్కన ఆగిన కార్ల వరుసలో కూర్చున్నప్పుడు నాకూ విసుగే వస్తుంది. సిగ్నళ్ళ సమయాలు మార్చడం, కుడివైపు తిరిగేచోట వరుస వదలడం వంటి సవరణలు నగరం మొదటినుంచీ చేసి ఉండవలసింది, ఆలస్యంగా చేసింది. ఈ ఫిర్యాదులకు మందు ఆ ఫలానా కిలోమీటర్లను మళ్ళీ పరిశీలించడంలో ఉంది. నగర నడిబొడ్డున, అవతలి కొసన, ఆసుపత్రుల ముందున్న వీధిని కూడా ఒకే గాటన కట్టి తీసేయడంలో లేదు.

అసలు టొరంటో రోడ్ల మీద రద్దీ ఎందుకుంది? నడిబొడ్డున క్వీన్ వీధిని యంగ్ కూడలి దగ్గర 2023 మే నుంచి మూసేశారు, అంటారియో లైన్ మెట్రో కోసం. ఎగ్లింటన్ మీద 2011లో తవ్వడం మొదలుపెట్టిన రైలు మార్గం బిల్లు వచ్చేనాటికి కూడా తెరుచుకోలేదు. ఈ రెండూ ప్రావిన్స్ సంస్థ చేపట్టిన పనులే. మెట్రో రావలసిందే, అందులో నాకు తగాదా లేదు. వీటికి తోడు ప్రతి ఎత్తైన భవనం కట్టే బిల్డరూ ఒక వరుసను కంచె వేసి ఏళ్ళ తరబడి తన సామాను పెట్టుకుంటాడు. ఇవన్నీ వదిలేసి రద్దీకి సైకిల్ లేన్లే మూలమని చూపించడానికి ప్రావిన్స్ రవాణా మంత్రి ఒక అంకెను పదే పదే వాడారు: పనికి సైకిల్ మీద వెళ్ళేవారు 1.2 శాతమేనట. ఆ అంకె 2011 నాటి సర్వేదని తరువాత బయటపడింది. అంటే ఈ మూడు వీధుల్లో ఏ లేనూ వేయకముందు తొక్కినవారి సంఖ్యను చూపించి, లేన్లు ఎవరూ వాడటం లేదన్నారన్నమాట. బైక్ షేర్ టొరంటో అద్దె సైకిళ్ళ మీద ఒక్క 2024లోనే దాదాపు 70 లక్షల ప్రయాణాలు జరిగాయి. అది కూడా సొంత సైకిళ్ళు లెక్కలోకి రాకుండా.

లేన్లు తొలగించడానికి సుమారు 4.8 కోట్ల డాలర్లు అవుతుందని నగర అధికారులు లెక్కవేశారు, ప్రీమియర్ ఆ లెక్కను కొట్టిపారేశారు. అంబులెన్సులు ఆలస్యమవుతున్నాయన్న మాటకు నగర అగ్నిమాపక అధిపతి తమ బండ్లు చేరే సమయం ఈ లేన్ల వల్ల దెబ్బతినలేదని జవాబిచ్చారు. సిటీ కౌన్సిల్ వ్యతిరేకించింది, అంటారియో మున్సిపాలిటీల సంఘం వ్యతిరేకించింది, ప్రజారోగ్య పరిశోధకులూ వైద్యులూ లేఖలు రాశారు, వందల మంది సైకిళ్ళ మీద క్వీన్స్ పార్కులోని శాసనసభ దాకా వెళ్ళి నిరసన తెలిపారు. బిల్లు ఆగలేదు.

పెద్ద వీధుల మీద ఎందుకు, పక్క వీధుల్లో వేసుకోండి అన్నది ప్రభుత్వ వాదనల్లో వినడానికి అన్నిటికన్నా సబబుగా ఉండేది. మ్యాపు తెరిచి చూస్తే అది ఎంత దూరం నిలుస్తుందో తెలుస్తుంది. ఈ నగరాన్ని నదీ లోయలూ, రైలు కట్టలూ ముక్కలుగా కోసిపెట్టాయి. హంబర్ నదిని దాటాలంటే బ్లూర్ మీద వంతెన ఉంది. పక్క వీధులన్నీ లోయ అంచుకు వచ్చి ఆగిపోతాయి. రైలు పట్టాల దగ్గరా అదే కథ. పక్క వీధులు నాలుగు ఇళ్ళ వరుసలు దాటగానే ఒన్-వేగా మారతాయి, లేదా ఒక పార్కులోకి వెళ్ళి ముగుస్తాయి. దానికన్నా ముఖ్యమైనది మరొకటుంది. దుకాణాలు, క్లినిక్కులు, ఆఫీసులు, ఫుడ్ డెలివరీ చేసేవాళ్ళు పొట్లం అందుకోవలసిన హోటళ్ళు ఉన్నది పెద్ద వీధి మీదే. పక్క వీధిలో లేన్ వేసినా చివరి ఫర్లాంగు పెద్ద వీధి మీదికి రాక తప్పదు, ఆ ఫర్లాంగులోనే ప్రమాదం.

పక్క వీధికి పొమ్మనే ఈ ఆలోచన వెనుక, సైకిల్ అంటే వ్యాయామమో వినోదమో తప్ప ప్రయాణం కాదన్న భావన ఉంది. అది మనకూ కొత్త కాదు. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, ఫోటోలు నాకూ వచ్చాయి. కానీ దాని మీద తొక్కాలంటే చాలామంది కారు వెనక సైకిల్ కట్టుకుని అక్కడిదాకా వెళ్ళాలి. అదే నగరంలో తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, షిఫ్టుకు వెళ్ళే వాచ్‌మన్ తొక్కే రోడ్డు మీద గీసిన గీత కూడా ఉండదు. వాళ్ళను సైక్లిస్టులని ఎవరూ అనరు.

టొరంటోలోనూ లేన్లు ఎక్కువగా ఎవరికి పనికొస్తున్నాయో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం స్పడైనా కూడలికి పడమరగా బ్లూర్ మీద నిలబడితే చాలు. వీపున చదరపు డెలివరీ సంచులు, హ్యాండిల్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టిన ఫోను, చవక రకం ఈ-బైకు, మోకాళ్ళ దాకా పాత బట్టలు చుట్టుకున్న కాళ్ళు. వారిలో చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఎందరో. వరంగల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి మా అపార్టుమెంటు కింద ఎప్పుడైనా కలిస్తే రెండు మాటలు మాట్లాడతాడు. బిల్లు సంగతి అడిగితే, “అన్నా, లేన్ ఉన్నచోట నేను ఆర్డర్ టైము చూసుకుంటా. లేనిచోట అద్దాల్లో లారీ ఎంత దగ్గరుందో చూసుకుంటా. రెండూ ఒకేసారి చూడలేను” అన్నాడు. ఆగిన కార్లకూ ఫుట్‌పాత్‌కూ మధ్య లేన్ ఉన్నచోట తలుపు తెరిచి కొట్టే ప్రమాదం పోదు గాని, అటువైపు ప్రయాణికుడు దిగడం తక్కువ కాబట్టి తగ్గుతుందని, ఒకవేళ తగిలినా పడేది ఫుట్‌పాత్ వైపని, లారీ చక్రాల కిందికి కాదని కూడా వివరించాడు. ఏ ఇంజినీరింగు నివేదికలోనైనా ఇంతకన్నా స్పష్టంగా రాసి ఉంటారని నేననుకోను.

2024లో టొరంటోలో ఆరుగురు సైకిల్ ప్రయాణికులు చనిపోయారు. అందులో ఒక మరణం ఈ వాదనలన్నిటికీ నడిమధ్యన నిలుస్తుంది. జులైలో, బ్లూర్ మీద అవెన్యూ రోడ్డు సమీపాన, సైకిల్ లేన్‌లో కట్టడం తాలూకు చెత్త వేసే ఇనుప తొట్టి ఒకటి పెట్టి ఉంది. ఇరవై నాలుగేళ్ళ యువతి దాన్ని తప్పించుకోవడానికి లేన్ వదిలి కార్ల వరుసలోకి రావలసి వచ్చింది, అక్కడ లారీ గుద్దింది. లేన్ ఉంది, కానీ ఆ కొద్ది అడుగుల మేర లేదు. ఆ కొద్ది అడుగుల్లో జరిగినదే 19 కిలోమీటర్ల పొడవునా ప్రతిరోజూ జరగడానికి వీలు కల్పించే చట్టం, ఆ సంఘటన జరిగిన నాలుగు నెలలకు, అదే వీధి పేరు రాసి మరీ తెచ్చారు. దావా వేయకూడదన్న సవరణ రాసినవాళ్ళకు ఈ సంగతి తెలియదని నేను నమ్మలేను.

ఆ సవరణ మామూలు నష్టపరిహారపు దావాలను ఆపగలదు గాని, కెనడా రాజ్యాంగంలో భాగమైన హక్కుల చార్టర్‌ను ఆపలేదు. నగరం చేతులు రాజ్యాంగమే కట్టేసింది కాబట్టి కోర్టుకు వెళ్ళే పని పౌరుల మీద పడింది. సైకిల్ టొరంటో అనే సంస్థ, మరో ఇద్దరు వ్యక్తులతో కలిసి, పర్యావరణ న్యాయవాదుల సంస్థ ఇకోజస్టిస్ సాయంతో 2024 డిసెంబరులో వ్యాజ్యం వేసింది. ప్రాణానికి, వ్యక్తి భద్రతకు హామీ ఇచ్చే ఏడో సెక్షన్ వారి ఆధారం. తొలిసారి అడిగిన తాత్కాలిక ఉత్తర్వు దొరకలేదు. 2025 ఏప్రిల్‌లో న్యాయమూర్తి పాల్ షాబాస్ తీర్పు వచ్చేదాకా లేన్లను ముట్టుకోవద్దని ఆదేశించారు. జులై 30న తుది తీర్పు ఇచ్చారు: ఈ తొలగింపు చార్టర్‌కు విరుద్ధం.

ఆ తీర్పును, సైకిల్ లేన్ రాజ్యాంగ హక్కు అయిపోయిందని వెక్కిరించినవాళ్ళు చాలామంది. చదివితే అలా లేదు. సైకిల్ లేన్లు వేసి తీరాలని ప్రభుత్వాన్ని ఎవరూ బలవంతం చేయలేరు, తీర్పు ఆ మాట అనలేదు. ఉన్న రక్షణను ప్రభుత్వం చేజేతులా తీసేసి, దానివల్ల మనుషులు గాయపడతారని, చనిపోతారని సాక్ష్యం ఉన్నప్పుడు, ఆ పనికి చెప్పిన కారణమైనా నిలబడాలి కదా అన్నది అసలు ప్రశ్న. చెప్పిన కారణం రద్దీ. తొలగించినా రద్దీ తగ్గదని, కార్లకు చోటు పెంచితే అది కొత్త కార్లతో నిండిపోతుందని నిపుణులు చెప్పారు. ప్రభుత్వానికి అందిన సొంత సలహాలు కూడా దాని వాదనకు ఊతమివ్వలేదు. అందుకే ఆ చర్యను నిరాధారమైనదిగా, ఏకపక్షమైనదిగా కోర్టు తేల్చింది. న్యాయమూర్తులు వీధులను డిజైన్ చేయకూడదన్న విమర్శలో కొంత నిజముంది, అది నాకూ అసౌకర్యమే. అయితే వీధిని డిజైన్ చేసే పనిని ఇంజినీర్ల దగ్గరనుంచి ముందు లాక్కున్నది కోర్టు కాదు.

ప్రభుత్వం అప్పీలుకు వెళుతున్నట్టు ప్రకటించింది. చార్టర్ హక్కులను పక్కనపెట్టి చట్టం చేసుకోవడానికి వీలు కల్పించే 33వ సెక్షన్ కూడా ఉంది. ఇదే ప్రభుత్వం 2021లో ఎన్నికల ప్రకటనల చట్టానికి దాన్ని వాడింది, 2022లో పాఠశాల ఉద్యోగుల సమ్మె మీద వాడి, జనం తిరగబడితే వెనక్కి తీసుకుంది. అందుచేత కోర్టులో గెలిచామని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఈలోపు 2025 నవంబరులో బిల్లు 60 చట్టమైంది. కొత్త సైకిల్ లేన్ కోసం కార్ల వరుసను తగ్గించడాన్ని అది పూర్తిగా నిషేధించింది, అనుమతి అడిగే దారి కూడా మిగల్లేదు. దాదాపు అదే సమయంలో వేగం పట్టే కెమెరాలను కూడా ప్రావిన్స్ అంతటా ఆపేశారు. అంటే తీర్పు కాపాడింది ఉన్న మూడు వీధులనే. లేన్ ఇంకా రాని వీధిలో ఉండేవారికి, ఉదాహరణకు నా వీధిలో ఉండేవారికి, కోర్టు చేయగలిగింది ఏమీ లేదు.

నగరానికీ మంత్రిత్వ శాఖకూ మధ్య 2025లో ఒక రాజీ మాట కూడా నడిచింది: సైకిల్ లేన్ ఉంచుతూనే కార్లకు మరో వరుస సంపాదించలేమా అని. బ్లూర్ వెడల్పు కొలిస్తే ఆ వరుస ఎక్కడుందో కనిపిస్తుంది. లేన్ అంచున రోజంతా కదలకుండా నిలిపి ఉంచే కార్లు ఆక్రమించిన చోటే అది. ఆ పార్కింగ్ తీసేస్తే అడ్డం కాంక్రీటు దిమ్మెలు పెట్టి లేన్‌ను కాపాడవచ్చు, కార్లకూ కదిలే వరుస వస్తుంది, దుకాణాలకు సరుకు దించే చోట్లు వేళల ప్రకారం కేటాయించవచ్చు. వికలాంగుల వాహనాలకు మూలమలుపుల్లో చోటు వదలవచ్చు. బిల్లు 212లో గాని, బిల్లు 60లో గాని వీధి పార్కింగ్ తగ్గించమన్న మాట ఒక్కటీ లేదు.